కోటలోని చర్చి, రాయి లేని సమాధి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఫోను చేసి, "మీరు విదేశం వెళ్ళొచ్చారు కదా, నాలుగు మాటలు చెప్పండి. కరువు భత్యం గురించి మాత్రం వద్దు, అది నేను చెప్పుకుంటాను" అన్నారు. అందుచేత ఆ విషయం ఆయనకే వదిలేస్తున్నాను. నేను చెప్పబోయేది ఒక కోట గురించి, ఆ కోటలో ఉన్న చర్చి గురించి, ఆ చర్చి వారి శ్మశానం గురించి. భోజనాల ముందు శ్మశానం ఏమిటని అనుకోకండి. ఈ కథలో మనలాంటి పెన్షనరు ఒకాయన ఉన్నాడు. ఆయన కోసమే ఇదంతా.

నేను 1970లో సార్టరుగా చేరి 2008లో రిటైరయ్యానని మీలో చాలామందికి తెలుసు. స్టాంపుల పిచ్చి ఉందని కూడా తెలుసు. సర్వీసులో ఉండగా ఒక మిత్రుడి దగ్గర మార్పిడిలో రొమేనియా దేశపు స్టాంపు ఒకటి సంపాదించాను. 1960లో వేసినది. దాని మీద ఒక యువకుడి బొమ్మ, కింద బోయాయి యానోష్ అనే పేరు. గణిత శాస్త్రవేత్త అని తెలుసుకుని ఆల్బంలో అంటించాను. నలభై ఏళ్ళు ఆ ముఖం చూస్తూ వచ్చాను. ఆ ముఖం సంగతి చివర చెప్తాను.

మా మనవరాలు వైద్యవిద్య కోసం రొమేనియా వెళ్ళింది. 2023 వేసవిలో నేనూ మా ఆవిడా దాన్ని చూడటానికి వెళ్ళాం. ఆ ఊరికి రెండు పేర్లు. రొమేనియన్ భాషలో తర్గు మురేష్, హంగేరియన్‌లో మరోష్‌వాషార్‌హెయ్. రెంటికీ అర్థం ఒకటే, మురేష్ నది ఒడ్డున ఉన్న సంత ఊరు అని. ఆ ప్రాంతాన్ని ట్రాన్సిల్వేనియా అంటారు. డ్రాకులా సినిమాల పుణ్యమా అని ఆ పేరు మనకీ తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధం దాకా అది హంగేరీ రాజ్యంలోది, 1920 సంధితో రొమేనియాకు దక్కింది. రెండో యుద్ధంలో 1940 నుంచి 1944 దాకా మళ్ళీ హంగేరీ చేతిలో ఉండి, తర్వాత రొమేనియాకు వచ్చింది. నేను సార్టరును కదా, ముందు నాకు తట్టింది ఇదే: ఒకే ఊరు, రెండు పేర్లు, మారిన దేశాలు, పాపం అక్కడి సార్టర్లు ఎన్ని అవస్థలు పడ్డారో!

ఊరి నడిబొడ్డున గులాబీల కూడలి అని పెద్ద చౌకు ఉంది. దాని చివర, కాస్త ఎత్తు మీద, ఇటుక గోడల కోట. ఆ కోట లోపల పొడుగాటి చర్చి, దానికో ఎత్తయిన గంటల గోపురం. దాన్ని అక్కడివారు కోట చర్చి అనే పిలుస్తారు.

చర్చికి కోట ఎందుకని మా మనవరాలిని అడిగాను. "తాతయ్యా, ఇక్కడ చాలా ఊళ్ళలో ఇంతే" అంది. నిజమే. 1241లో మంగోలులు ఆ దేశం మీద విరుచుకుపడ్డారు. తర్వాత కొన్ని వందల ఏళ్ళు తురుష్కుల దాడులు. ప్రతి ఊరికీ రాజు సైన్యాన్ని పంపలేడు. ఊళ్ళో గట్టి రాతి కట్టడం అంటే చర్చి ఒక్కటే. అందుకని దాని చుట్టూ గోడ కట్టేవారు. శత్రువు వస్తున్నాడని గంట మోగితే పిల్లాజెల్లా, గొడ్డూగోదాతో సహా లోపలికి చేరి తలుపులు వేసుకునేవారు. ప్రేష్మేర్ అనే ఊళ్ళో చర్చి చుట్టూ ఉన్న గోడలో 270కి పైగా గదులున్నాయి, కుటుంబానికొక గది చొప్పున ధాన్యం దాచుకోవడానికి, ఆపదలో తలదాచుకోవడానికి. దిర్జియు అనే మరో పల్లెలో నేటికీ పందిమాంసం చర్చి కోట బురుజులోనే వేలాడగట్టి దాచుకుంటారు. ఈ రెండూ కలిపి అలాంటి ఏడు పల్లెలను యునెస్కో వారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

మన కథలోని చర్చిని 14, 15 శతాబ్దాల్లో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు కట్టారు. అప్పుడది క్యాథలిక్ మఠం. 16వ శతాబ్దం నడిమిలో ఊరు మతం మార్చుకుంది. జెనీవాలో కాల్విన్ అనే పండితుడు బోధించిన మార్గం అనుసరించింది. దాన్నే రిఫార్మ్డ్ మార్గం అంటారు. సన్యాసులు వెళ్ళిపోయారు. చర్చి ఊరివారిదయింది. విగ్రహాలు, పటాలు ఉండకూడదన్నది ఈ మార్గం వారి నియమం. వాక్యం వినాలి, కీర్తనలు పాడాలి, అంతే. అందుకే లోపలికి వెళితే తెల్లటి గోడలు, చెక్క బెంచీలు, బోధకుడు నిలబడే వేదిక, పైన ఆర్గన్ వాయిద్యం. మా ఆవిడ చుట్టూ చూసి, "దేవుడెక్కడున్నాడండీ?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. కాసేపు కూర్చున్నాక ఆమే అంది, "బాగానే ఉంది, నిశ్శబ్దంగా" అని.

1559లో ఈ ఊళ్ళోనే బోధకులంతా సమావేశమై ప్రభురాత్రి భోజన సంస్కారం గురించి తమ విశ్వాసాన్ని హంగేరియన్ భాషలో రాసుకున్నారు. లాటిన్ రాజ్యమేలుతున్న రోజుల్లో ఊరి జనం మాటలో రాయడం చిన్న సంగతి కాదు. 1568లో తోర్దా పట్టణంలో కూడిన శాసనసభ, ఏ ఊరివారు తమకు నచ్చిన బోధకుణ్ణి ఆ ఊరివారు పెట్టుకోవచ్చని తీర్మానించింది. 1571 జనవరిలో మరోష్‌వాషార్‌హెయ్‌లో కూడిన సభ దాన్ని బలపరిచింది. క్యాథలిక్, లూథరన్, రిఫార్మ్డ్, యూనిటేరియన్ అనే నాలుగు మార్గాలకు చట్టబద్ధమైన స్థానం దక్కింది. ఐరోపా అంతా మతం పేరిట తలలు నరుక్కుంటున్న కాలం అది. అయితే అక్కడి రొమేనియన్ల ఆర్థడాక్స్ మార్గానికి ఆ హోదా ఇవ్వలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి ఇదీ చెప్తున్నాను.

ఇక కోట. 17వ శతాబ్దం మొదట్లో హాబ్స్‌బర్గ్ చక్రవర్తి సేనాని బాస్టా సైనికులు ఆ ఊరిని దోచి తగలబెట్టారు. ఊరిపెద్ద బోర్షోష్ తమాష్ అనే ఆయన, తర్వాత సుల్తాను దర్బారుకు రాయబారిగా కూడా వెళ్ళినవాడు, ఇక లాభం లేదు, కోట కట్టుకోవాల్సిందే అన్నాడు. 1602లో మొదలుపెట్టారు. 1652కి పూర్తయింది. యాభై ఏళ్ళు! మొదటి ఇటుక పెట్టినవాళ్ళలో ఎందరు చివరి ఇటుక చూశారో. ఇంకో విశేషం, బురుజుల పేర్లు. దర్జీల బురుజు, కసాయివాళ్ళ బురుజు, తోళ్ళు ఊనేవాళ్ళ బురుజు, పీపాలు చేసేవాళ్ళ బురుజు, తాళాలు చేసేవాళ్ళ బురుజు. ఏ వృత్తిసంఘం బురుజు ఆ సంఘానిదే. రాజుల పేర్లు కాదు, సంఘాల పేర్లు. మన సంఘానికి కూడా అలాంటి బురుజు ఒకటుంటే బాగుండుననిపించింది. మన ఆఫీసు గది పైకప్పు కారుతున్న సంగతి మీకు తెలుసు కదా.

1616లో బెత్లెన్ గాబోర్ అనే రాజు ఈ ఊరికి స్వేచ్ఛా నగరం హోదా ఇచ్చాడు. 1707లో రెండో రాకోట్సి ఫెరెంత్స్‌ను ట్రాన్సిల్వేనియా ప్రభువుగా ప్రతిష్ఠించింది ఈ ఊళ్ళోనే. తర్వాత ఆస్ట్రియా సైన్యం కోటలో మకాం పెట్టింది. రాజ్యాలు మారాయి, దేశాలు మారాయి. చర్చిలో కీర్తనలు మాత్రం ఆగలేదు.

కోట బయట, ఊళ్ళోనే, రిఫార్మ్డ్ సంఘం వారి శ్మశానం ఉంది. 17వ శతాబ్దం నుంచి వస్తున్నది. నగరానికి సంస్కృతీ భవనం కట్టించిన మేయరు బెర్నాదీ అక్కడే ఉన్నాడు. నేను వెళ్ళింది మాత్రం నా స్టాంపు మనిషి కోసం. తండ్రీ కొడుకులిద్దరూ పక్కపక్కనే ఉన్నారు.

తండ్రి బోయాయి ఫర్కష్. 1804 నుంచి 1851 దాకా, నలభై ఏడేళ్ళు, అక్కడి రిఫార్మ్డ్ కాలేజీలో లెక్కలు చెప్పాడు. జీతం చాలక ఇళ్ళలో చలి కాచుకునే పొయ్యిలకు నమూనాలు గీసి నాలుగు డబ్బులు సంపాదించేవాడు. చదువుకునే రోజుల్లో మహా గణితవేత్త గౌస్ ఆయనకు ప్రాణమిత్రుడు. 1856లో చనిపోయే ముందు, తన సమాధి మీద రాయి వద్దు, ఒక ఆపిల్ చెట్టు చాలన్నాడు. లోకంలో మూడు ఆపిళ్ళు ముఖ్యమని ఆయన లెక్క. ఒకటి ఆదిస్త్రీ అవ్వ తిన్నది. రెండోది గ్రీకు కథలో పారిస్ అందగత్తెకు ఇచ్చింది. ఈ రెండూ భూమిని నరకం చేశాయి. మూడోది న్యూటన్ ఎదుట రాలినది. అది భూమిని మళ్ళీ గ్రహాల సరసన నిలబెట్టింది.

కొడుకు యానోష్ 1802లో పుట్టాడు. వియన్నాలో మిలిటరీ ఇంజనీరింగు చదివి సైన్యంలో చేరాడు. మనం బడిలో రేఖాగణితం చదివాం. ఒక గీత, దాని పక్కన ఒక చుక్క. ఆ చుక్క గుండా మొదటి గీతకు సమాంతరంగా ఒకే ఒక్క గీత గీయగలమని మాస్టారు చెప్పారు, మనం సరేనన్నాం. యూక్లిడ్ అలా ఒప్పుకోమన్నాడే గాని నిరూపించలేదు. రెండువేల ఏళ్ళు పండితులు నిరూపించబోయి ఓడిపోయారు. ఫర్కష్ కూడా ఓడిపోయినవాడే. అందుకే కొడుక్కి ఉత్తరం రాశాడు: ఆ జోలికి పోకు నాయనా, నా సుఖమంతా ఆ చీకటిలోనే పోయింది అనే భావంతో. కొడుకు వినలేదు. ఏ కొడుకు విన్నాడు గనుక! 1823 నవంబరు 3న తెమెష్వార్ నుంచి తండ్రికి జవాబు రాశాడు. శూన్యంలోంచి మరో కొత్త లోకం సృష్టించానన్నాడు. అప్పటికి ఇరవై ఒకటో ఏడు నడుస్తోంది. ఒక్కటి కాదు, అనేక సమాంతర రేఖలు ఉండే రేఖాగణితం కూడా సాధ్యమేనని అతను కనిపెట్టింది. ఉత్తరాల శాఖలో పనిచేసినవాణ్ణి కనుక అంటున్నాను, ఇలాంటి ఉత్తరం మోసిన సంచీ ధన్యమయింది.

తండ్రి రాసిన పెద్ద గ్రంథానికి అనుబంధంగా కొడుకు రచన 1832లో వెలువడింది. కొద్ది పుటలు మాత్రమే. తండ్రి గర్వంగా గౌస్‌కు పంపాడు. 1832 మార్చి 6న గౌస్ జవాబు రాశాడు. దీన్ని నేను మెచ్చుకుంటే నన్ను నేను మెచ్చుకున్నట్టే, ఎందుకంటే ఇవన్నీ నేను ఎప్పుడో ఆలోచించినవే అని సారాంశం. యానోష్ గుండె విరిగిపోయింది. 1833లో, ముప్పై ఏళ్ళకే, కెప్టెనుగా పెన్షను మీద ఇంటికి వచ్చేశాడు. 1848లో లొబచేవ్‌స్కీ అనే రష్యన్ కూడా ఇదే కనిపెట్టి తనకంటే ముందే, 1829లో, అచ్చువేశాడని తెలిసింది. బతికుండగా యానోష్ అచ్చులో చూసుకున్నది ఆ చిన్న అనుబంధం ఒక్కటే. ఇరవై ఏడేళ్ళు చాలీచాలని పెన్షను మీద బతికాడు. రాసుకుంటూనే ఉన్నాడు. వేల పుటలు. కాగితం కొనలేక, వచ్చిన ఉత్తరాల వెనక, కవర్ల మీద కూడా లెక్కలు వేసుకున్నాడు.

1860 జనవరి 27న న్యుమోనియాతో పోయాడు. సాగనంపడానికి వచ్చినవారు బహు కొద్దిమంది. గొప్ప మేధావి, ప్రథముల్లో ప్రథముడు, పాపం ఆ ప్రతిభ వాడుకలోకి రాకుండానే పాతిపెట్టబడింది అని అర్థం వచ్చేటట్టు రిఫార్మ్డ్ సంఘం మరణాల రిజిస్టరులో ఒక మాట రాశారు. రిజిస్టరులో రాశారే గాని సమాధి మీద రాయి వేయలేదు. యాభై ఏళ్ళు కష్టపడి ఊరి ప్రాణాలకు గోడ కట్టిన సంఘం అది. ఒక మనిషికి ఒక్క రాయి వేయలేకపోయింది.

ముప్పై ఏళ్ళు గడిచాయి. ఈలోగా ఆయన గొప్పతనం లోకానికి తెలిసింది. హంగేరీ గణితజ్ఞుల సంఘం వారు సమాధి ఎక్కడుందని వెతికారు. ఎవరికి తెలుసు? పండితులకు తెలియదు, సైన్యానికి తెలియదు. ఆయన ఇంట్లో పనిచేసిన మనిషి ఒకామె అప్పటికి ముసలిదైపోయింది. ఆమె వచ్చి, ఇదిగో ఇక్కడ అని చూపించిందని చెబుతారు. 1894లో అక్కడ రాయి వేశారు. 1911లో తండ్రీ కొడుకుల అస్థికలు తీసి పక్కపక్కనే ఉంచారు. 1915లో ఐన్‌స్టీన్ తన సాపేక్ష సిద్ధాంతాన్ని యూక్లిడ్‌కు భిన్నమైన రేఖాగణితం మీదనే నిలబెట్టాడు. 2009లో యానోష్ అనుబంధాన్ని యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఆయన కాగితాలు ఆ ఊరి తెలెకి గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.

ఇప్పుడు స్టాంపు సంగతి. ఆయన వందో వర్ధంతికి, 1960లో, రొమేనియా, హంగేరీ రెండూ స్టాంపులు వేశాయి. ఆ ముఖం ఆయనది కాదట! నమ్మదగిన చిత్రం ఒక్కటీ మిగలలేదు. సంస్కృతీ భవనం ముఖద్వారం మీద చెక్కిన ముఖాల్లో ఒకటి ఆయన అసలు పోలికకు దగ్గరని కొందరు పరిశోధకులు అంటారు. నలభై ఏళ్ళు నేను మరెవరి ముఖమో చూసి నమస్కారం పెట్టానన్నమాట. సమాధి ముందు నిలబడినప్పుడు నాకు ముఖం గుర్తుకు రాలేదు. ఇదిగో ఇక్కడ అని చూపించిన ఆ పనిమనిషి గుర్తుకొచ్చింది.

అదే రిఫార్మ్డ్ సంఘంలో, అదే ట్రాన్సిల్వేనియాలో పుట్టిన మరొకాయన సమాధి మన దేశంలోనే ఉంది. కొరోషి చోమా షాందోర్. టిబెటన్ భాషకు నిఘంటువు రాసి 1834లో కలకత్తాలో అచ్చు వేయించాడు. 1842లో లాసా వెళ్తూ డార్జిలింగులో జ్వరంతో పోయాడు. ఏషియాటిక్ సొసైటీ వారు రాయి వేయించారు. ఇంటికి వేల మైళ్ళ దూరంలో పోయినవాడికి రాయి దొరికింది, సొంత ఊళ్ళో పోయినవాడికి ముప్పై నాలుగేళ్ళు దొరకలేదు.

అయ్యా, ఇక నా తప్పు చెప్పుకుని కూర్చుంటాను.

నాకు సార్టింగు నేర్పిన మాస్టారు మీలో పాతవారికి తెలుసు. పేరు చెప్పను, చెప్పకుండానే మీకు తెలుస్తుంది. చిరునామా అర్థం కాని ఉత్తరం వస్తే మేమంతా ఆర్.ఎల్.ఓ. కట్టలో పడేసేవాళ్ళం. ఆయన మాత్రం దాన్ని బయటికి తీసి, "ఒరేయ్, ఎవడో ఎదురు చూస్తుంటాడురా" అనేవారు. సగం ఉత్తరాలకు ఇల్లు దొరికేది. 1972లో పిన్‌కోడు వచ్చాక కూడా ఆ అలవాటు మానలేదు. పెళ్ళి చేసుకోలేదు, వెనక ఎవరూ లేరు. 2014 నవంబరులో పోయారు. కబురు నాకు పొద్దున్నే తెలిసింది. ఆ రోజు నేను బ్యాంకుకు వెళ్ళాను, లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడానికి. నేను బతికే ఉన్నానని సంతకం పెట్టి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంకేం వెళ్తాంలే అనుకున్నాను. వెళ్ళినవాళ్ళు నలుగురని తర్వాత తెలిసింది.

రొమేనియా నుంచి వచ్చిన వారానికే మన ఊరి క్రైస్తవ శ్మశానానికి వెళ్ళాను. రిజిస్టరులో పేరుంది. ఎక్కడన్నది కాపలా మనిషికి తెలియదు. అప్పుడు పెట్టిన చెక్క సిలువ ఎప్పుడో పోయింది. రెండుసార్లు తిరిగి వచ్చేశాను. మూడోసారి, ఆ వీధి బీటు చూసిన మన పోస్ట్‌మ్యాన్ తమ్ముణ్ణి వెంటబెట్టుకు వెళ్ళాను. ఆ రోజు వెళ్ళిన నలుగురిలో తనొకడు. తిన్నగా వెళ్ళి, "అన్నా, వేపచెట్టు నుంచి మూడోది" అన్నాడు. ఆ తమ్ముడు ఇప్పుడు ఈ హాల్లోనే ఆఖరి వరసలో కూర్చున్నాడు. రేపు తనూ నేనూ లేకపోతే ఆ మూడోది అని చెప్పేవాళ్ళు లేరు.

కాబట్టి సభవారికి నా మనవి రెండు. మొదటిది, మాస్టారికి ఒక రాయి. పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, కింద సార్టరు అని ఒక్క మాట. ఖర్చులో సగం నేను పెట్టుకుంటాను. మిగతా సగం కూడా పెట్టుకోగలను, కాని ఆ రాయి నా ఒక్కడిదిగా ఉండటం నాకిష్టం లేదు. దర్జీల బురుజులాగా అది మన సంఘానిది కావాలి.

రెండోది, సంఘం ఆఫీసులో ఒక పుస్తకం. మనలో ఎవరు పోయినా, దహనమైనా ఖననమైనా, ఎక్కడ, ఎప్పుడు, ఎవరెవరు వెళ్ళారు అని అందులో రాద్దాం. ఎవరూ వెళ్ళకపోతే అదీ రాద్దాం. అలా రాయాల్సి వస్తుందన్న సిగ్గుతోనైనా ఒకరం కదులుతాం.

నాకిచ్చిన సమయం అయిపోయింది. భోజనాలయ్యాక, రాయి మీద ఏం రాయాలో ఆలోచన ఉన్నవారు నన్ను కలవండి. ఆఖరి వరసలో, ఆ తమ్ముడి పక్కనే కూర్చుంటాను.

సెలవు.